ఎండు మొక్క చెప్పే సాక్ష్యం



ఈవేళ మీతో ఒక కలుపు మొక్క గురించీ, ఒక కాగితం గురించీ మాట్లాడదామని వచ్చాను. కలుపు మొక్కేమిటి, కాగితమేమిటి, ఈ రెంటికీ పొత్తు ఎక్కడ కుదిరిందీ అంటారేమో. కుదిరింది లెండి. ఎలా కుదిరిందో చెప్పడమే ఈ పూట నా పని.

మన ఇళ్ళలో బి.యస్సీ. బోటనీ చదివే పిల్లలుంటే ఈ సంగతి సగం మీకు తెలిసే వుంటుంది. పక్క దులుపుదామని పరుపు ఎత్తుతాం. దాని కింద పాత పేపర్ల దొంతర, పేపర్ల మధ్య నలిగిన తుమ్మికూర, నేల వుసిరి, ఉత్తరేణి. ఇదేమిటే అంటే, “అమ్మా, కదపకు! అది హెర్బేరియం” అని కేక. పరీక్ష అయ్యేదాకా అది పూజామందిరంలో పటమంత పవిత్రం. పరీక్ష అయిన మర్నాడు పాతపేపర్లవాడి సంచిలో పడిపోతుంది. ఆ పడిపోయేది ఏమిటో తెలుసుకుందాం.

హెర్బేరియం అంటే ఎండబెట్టిన మొక్కల భాండాగారం. మనం వడియాలు పెట్టి, వూరగాయ పెట్టి ఏడాదిపాటు దాచుకుంటాం కదా, అలాగే మొక్కను వందల ఏళ్ళు దాచుకునే పద్ధతి ఇది. పూతా కాతా వున్న కొమ్మను తెంచి, కాగితాల మధ్య పరిచి, పైన బరువుపెట్టి, తడి పీల్చిన కాగితాలను మారుస్తూ ఆరబెడతారు. బాగా ఆరిన తర్వాత దళసరి అట్టమీద అంటిస్తారు. మన దేశంలో ఆ అట్ట సుమారు 42 సెంటీమీటర్ల పొడుగు, 28 సెంటీమీటర్ల వెడల్పు వుంటుంది. కుడిచేతివైపు కింద మూలన ఒక చీటీ. మొక్క పేరు, దొరికిన వూరు, తేదీ, కోసినవారి పేరు, పువ్వు రంగు, ఎలాంటి నేలలో వున్నదీ అందులో రాస్తారు.

ఈ పద్ధతికి ఆద్యుడు ఇటలీలో 16వ శతాబ్దంలో వున్న లూకా గినీ అనే వైద్యుడని చెబుతారు. అప్పట్లో దీన్ని “ఎండిన తోట” అనేవారట. ఎంత చక్కని పేరో చూడండి. ఈనాడు ప్రపంచం మొత్తంమీద 3 వేలకు పైగా ఇలాంటి ఎండిన తోటలున్నై. వాటిలో సుమారు 40 కోట్ల అట్టలున్నై. మన దేశంలోకెల్లా పెద్దది కలకత్తా పక్కన హౌరాలో వుంది. మన ప్రాంతం ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో వుండేది కనుక, ఆనాటి మద్రాసు హెర్బేరియం ఇప్పుడు కోయంబత్తూరులో వుంది. బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియావారి దక్కను ప్రాంతీయ కేంద్రం హైదరాబాదులో వుంది.

ఆ అట్టలో అసలు విలువ మొక్కది కాదు సుమండీ, చీటీది. చీటీ లేని మొక్క వొట్టి ఎండుగడ్డి. చీటీ వున్న మొక్క సాక్షి. ఫలానా తేదీన ఫలానా వూళ్ళో నేనున్నాను అని కోర్టులో చెప్పే సాక్షి అన్నమాట.

ఒక ఉదాహరణ చెబుతాను. అమెరికాలో పోక్‌వీడ్ అనే అడవి మొక్క వుంది. మనిషెత్తు పెరుగుతుంది. ఎర్రని కాడ, నల్లద్రాక్షలాగా వేలాడే పళ్ళ గుత్తులు. పండు చిదిమితే చెయ్యంతా ఎర్రబారుతుంది. వెనకటికి ఆ రసాన్ని సిరాగా వాడేవారట. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరు ఫైటోలాకా. ఫైటో అంటే గ్రీకు భాషలో మొక్క. లాకా అంటే మరేమిటో కాదు, మన లక్క. గాజులకీ బొమ్మలకీ వాడే ఆ ఎర్ర లక్క పేరు మన దేశంనుంచి అంతదూరం వెళ్ళి అమెరికా మొక్కకు అతుక్కుంది. ఈ మొక్క విషం. అయినా అక్కడి పల్లెటూళ్ళలో లేత చిగుళ్ళను రెండు మూడు నీళ్ళు మార్చి వుడికించి కూరగా తిన్నవాళ్ళున్నారు. మనం చేదు విరవడానికి కాకరకాయను పిండినట్టు, వాళ్ళు విషం విరవడానికి నీళ్ళు మార్చారు. వేరూ, ముదురాకూ జోలికి మాత్రం పోరాదు.

ఈ ఫైటోలాకాలో అనేక రకాలున్నై. ఒకటి అమెరికా తూర్పు రాష్ట్రాల్లో. ఇంకొకటి మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకా. మరొకటి అక్కడి తేమ అడవుల్లో చెట్లు కూలి వెలుగు పడినచోట. ఇది ఎలా తెలిసింది? ఒక్క మనిషి రెండు ఖండాలూ తిరిగి చెప్పింది కాదు. ఏ దేశంలో వాళ్ళు ఆ దేశంలో, ఒకరు వందేళ్ళ కిందట, ఒకరు మొన్న మొన్న, ఎవరి కొమ్మ వాళ్ళు కోసి, ఎవరి చీటీ వాళ్ళు రాసి పెట్టారు. ఆ చీటీల్లోని వూళ్ళన్నిటినీ పటంమీద చుక్కలుగా పెట్టారు. మనం ముగ్గు వేసేటప్పుడు ముందు చుక్కలు పెడతాం కదా. చుక్క ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. అన్నీ పెట్టి కలిపితే తెలుస్తుంది అది పద్మమో, రథమో. పోక్‌వీడ్ ఎక్కడిది, ఎక్కడిదాకా పోయింది, ఏ నెలలో పూస్తుంది అన్నది ఆ చుక్కలు కలిపితే తేలిన ముగ్గు.

పోక్‌వీడ్ మన కృష్ణా తీరపు మొక్క కాదు. కానీ అదే అమెరికా నుంచి వచ్చి మన వీధి చివర కాపురం పెట్టిన మొక్క ఒకటుంది. దాని కథ కూడా ఇలాంటి అట్టలే చెప్పాయి. అదే వయ్యారిభామ.

పేరు ఎవరు పెట్టారోగానీ, గాలికి వూగుతూ తెల్లని చిన్న చిన్న పూలతో నిజంగానే వయ్యారంగా వుంటుంది. క్యారెట్ ఆకులాంటి చీలికల ఆకు. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. శాస్త్రజ్ఞులకు పార్థీనియం. కరెంటాఫీసు గోడ పక్కన, రైలు పట్టాల వెంట, అమ్ముడుపోని ఖాళీ స్థలాల్లో, బందరు కాలువ గట్టున, ఎక్కడ చూసినా ఇదే. ఒక్కొక్క మొక్కకు వేలకొద్దీ గింజలు. మొలిచిన నెలా నెలన్నరలోనే పూతకొస్తుంది. ఏడాదిలో మూడు నాలుగు తరాలు చూసేస్తుంది.

ఇది ఎలా వచ్చింది అని అడగండి. మా అత్తగారితో సహా పెద్దవాళ్ళందరూ ఒకటే మాట చెబుతారు. “అమెరికావాడు పి.యల్. 480 కింద పంపిన గోధుమల్లో కలిసి వచ్చిందమ్మా” అని. రేషను షాపు ముందు గోధుమలకోసం నిలబడిన తరం వాళ్ళది. ఆ కోపంలో న్యాయం వుంది. ఈ మాట పుస్తకాల్లోకీ పేపర్లలోకీ కూడా ఎక్కింది. అయితే మరి అట్టలేమంటున్నాయో వినాలి కదా.

తేదీలు వరసగా పెడతాను. ఈ మొక్కకు లినేయస్ అనే స్వీడను దేశపు పండితుడు 1753లో పేరు పెట్టాడు. మెక్సికో సింధుశాఖ చుట్టుపక్కల దేశాలూ, ఉష్ణ అమెరికా దీని పుట్టిల్లు. 1814లో కలకత్తా తోటలో పెరుగుతున్న మొక్కల జాబితా ఒకటి అచ్చయింది. దాన్ని తయారుచేసినది విలియం రాక్స్‌బర్గ్. ఈయన మనకు పరాయివాడు కాడు. 1781 నుంచి 1793 దాకా మన సామర్లకోటలో వుండి గోదావరి జిల్లాల మొక్కలను ఒక్కొక్కటే బొమ్మలు వేయించి, తెలుగు పేర్లు అడిగి రాసుకున్న డాక్టరు. మన సోమిద చెట్టుకు శాస్త్రంలో సోయ్‌మిడా అనే పేరు నిలిచిందంటే అది మన తెలుగు మాటే. ఆయన 1814 జాబితాలో పార్థీనియం పేరు వుంది. అంటే అప్పటికే అది కలకత్తా తోటలో వుందన్నమాట.

తర్వాత 1880. డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థ హెర్బేరియంలో బ్రాండిస్ అనే అటవీ అధికారి పేరుతో ఆ సంవత్సరపు పార్థీనియం నమూనా వున్నదని 1978లో ముగ్గురు వృక్షశాస్త్రజ్ఞులు వెలికితీశారు. దాదాపు వందేళ్ళు ఆ బీరువాలో ఆ కొమ్మ నోరు మూసుకుని కూర్చుంది. అడిగినవాడు లేక చెప్పలేదు, అంతే.

ఆ తర్వాత 1951. పూనాలో చెత్తకుప్పలమీద అక్కడొకటీ ఇక్కడొకటీ మొక్కలు కనబడ్డాయి. పరాంజపే అనే ప్రొఫెసరుగారు గమనించారు. ఆర్. యస్. రావు గారు 1956లో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీవారి పత్రికలో దీన్ని దేశానికి కొత్త మొక్కగా ప్రకటించారు. ఇక మనం పి.యల్. 480 ఒప్పందంమీద సంతకం పెట్టింది 1956 ఆగస్టు నెలాఖరున. అంటే ఒప్పందం కుదరక ముందే మొక్క పూనా చేరింది. ఒప్పందానికి నూటనలభై ఏళ్ళ ముందే కలకత్తా చేరింది.

అయితే అమెరికా గోధుమలకు ఏ పాపమూ తెలియదా? అలా అనడమూ తొందరపాటే. తోటలో ఒక మూల వుండటం వేరు, దేశమంతా అల్లుకోవటం వేరు. 1951లో కూడా అప్పుమీద అమెరికా గోధుమలు వచ్చాయి. వాటితోనో, మరి దేనితోనో మరో విడత గింజలు వచ్చి వుండవచ్చు. ఒకే చుట్టం రెండుసార్లు రాకూడదని లేదు కదా. 1950ల తర్వాత అది చెలరేగిన వేగం చూసి చాలామంది శాస్త్రజ్ఞులు ఇలాగే అనుకుంటారు. కానీ “మొదటిసారి అప్పుడే వచ్చింది” అన్న మాట మాత్రం ఇక నిలవదు. ఇంటింటా అందరూ చెప్పుకున్న కథను జాబితాలో ఒక పంక్తీ, బీరువాలో ఒక కొమ్మా కలిసి దిద్దాయి.

ఎప్పుడొస్తేనేం, వచ్చి కూర్చుంది కదా, ఇప్పుడీ తేదీల వల్ల మనకు ఒరిగేదేమిటి అని మీకు అనిపించవచ్చు. న్యాయమైన ప్రశ్నే.

మొదటి లాభం. మొక్క పుట్టిల్లు తెలిస్తే దాని శత్రువు ఎక్కడుంటుందో తెలుస్తుంది. పుట్టింట్లో దాన్ని తినే పురుగు వుంటుంది. మన దగ్గర అది లేదు కనుకనే ఇక్కడ విర్రవీగుతోంది. అలా వెతికి మెక్సికో నుంచి తెచ్చిన ఒక చిన్న పెంకు పురుగును 1984లో బెంగుళూరు దగ్గర వదిలారు. వానాకాలంలో వయ్యారిభామ ఆకులన్నీ జల్లెడలా చిల్లులు పడి కనిపిస్తే అది ఆ పురుగు పనే కావచ్చు. దాన్ని చంపకండి, మనవైపు మనిషి.

రెండో లాభం ఇంకా పెద్దది. పూనా చెత్తకుప్పలమీద నాలుగు మొక్కలున్న రోజున నలుగురు మనుషులు ఒక పూట పనిచేస్తే సరిపోయేదేమో. ఈనాడు దేశం మొత్తం పనిచేసినా తీరదు. కొత్త మొక్కను మొదటి రోజుల్లోనే గుర్తుపట్టి, కోసి, చీటీ రాసి, తెలిసినవాళ్ళకు చూపడం ఇంట్లో పొగ వాసన వచ్చినప్పుడే లేచి చూడటంలాంటిది. మంటలు దూలానికి ఎక్కాక చూస్తే చూడగలం అంతే, ఆర్పలేం.

ఆ పొగ మన విజయవాడలో ఎక్కడ లేస్తుందీ అంటే, నేను ఆటోనగర్ పేరు చెబుతాను.

ఆటోనగర్ మీ అందరికీ తెలిసిందే. లారీలకు బాడీలు కట్టే షెడ్లు, వెల్డింగు మెరుపులు, పాత టైర్ల గుట్టలు, సుత్తి దెబ్బల చప్పుడు. అటువైపు ఆడవాళ్ళం పనిబడితే తప్ప వెళ్ళం. నేను ఆ దగ్గర్లో కాపురం వున్నదాన్ని కాబట్టి రోజూ చూస్తుంటాను. మహారాష్ట్ర లారీ, రాజస్థాన్ లారీ, ఒరిస్సా లారీ, అన్ని నంబర్లూ అక్కడే. పూనా నుంచి షోలాపూరు, హైదరాబాదు మీదుగా మచిలీపట్నం వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి, మద్రాసు నుంచి కలకత్తా వెళ్ళే 16వ నంబరు రహదారి కలుసుకునేది ఆ పక్కనే. పూనా గడ్డి ఆ దారినే మనకు దిగిందని నేననను. నా దగ్గర చీటీ లేదు. కానీ లారీ టైరు గాడిలో పట్టిన మట్టిలో ఆ గింజ ఇమిడిపోతుందని మాత్రం అందరూ ఒప్పుకున్న సంగతి. గింజ రెండు మిల్లీమీటర్లు వుంటుంది. అది లారీకి బరువూ కాదు, టోలుగేటు దగ్గర పన్నూ కట్టదు.

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రానికి కూడా ఈ వయ్యారిభామ పట్టుకుంది. పచ్చిక విత్తనాల్లో కలిసి వెళ్ళిందట. వాళ్ళేం చేశారంటే, ఆ మొక్క వున్న ప్రాంతం దాటేచోట బండ్లు కడుక్కునే వసతులు పెట్టారు. కోత యంత్రాలు, లారీలు మట్టి కడిగి కదలాలి. మన దగ్గరా బండ్లు కడుగుతారు. షెడ్డు వెనక పైపు పెట్టి కడిగిన నీళ్ళు ఖాళీ స్థలంలోకి వదులుతారు. ఆ తడినేలలోనే మొక్క దట్టంగా లేవటం నేను చూశాను. ఒక పెద్ద మేస్త్రీగారితో ఈ మాటంటే, “నిజమేనమ్మా, ఇన్నాళ్ళూ బురదే అనుకున్నాం. అందులో విత్తనాలుంటాయని ఎవరనుకుంటారు” అన్నాడు. కడిగిన నీరు ఒకే గుంటలోకి పోయేట్టు చేసి, ఆ గుంట చుట్టూ మొలిచింది మొలిచినట్టు పీకేస్తే చాలు. పెద్ద ఖర్చేమీ కాదు.

ఇంకో మాట. ఈ మొక్క చూడటానికే వయ్యారి. ఇందులో పార్థీనిన్ అనే పదార్థముంది. పడనివాళ్ళకు ఒంటిమీద దద్దురు, కళ్ళ చుట్టూ వాపు, మోచేతి మడతల్లో, మెడమీద పుండు పడేంత దురద. పుప్పొడి పీల్చితే తుమ్ములు, కొందరికి ఉబ్బసం. ఒక్కసారి తాకగానే రాకపోవచ్చు. నెలల తరబడి, ఏళ్ళ తరబడి తాకగా తాకగా ఒకరోజు మొదలై ఇక పోనంటుంది. అందుచేత వట్టి చేతులతో దీన్ని పీకే ఆడవాళ్ళ సంగతి ఆలోచించండి. పొలంలో కలుపు తీసే కూలి మనిషి, వీధి శుభ్రం చేసే మనిషి. మన వీధిలో పీకించేటప్పుడు చేతికి తొడుగూ, ముక్కుకు గుడ్డా మనమే ఇద్దాం. పూత రాకముందు, నేల తడిగా వున్నప్పుడు, వేరుతో సహా రావాలి. పూత వచ్చాక పీకి దులిపితే మనమే విత్తనం చల్లినట్టు. పిల్లలను ఆ దరిదాపుల్లోకి రానివ్వకూడదు.

వినాయక చవితికి మరీ జాగ్రత్త. ఇరవైయొక్క పత్రుల్లో మొదటిది మాచీపత్రం. వయ్యారిభామ ఆకు చూపుకు అచ్చం మాచిపత్రిలాగే వుంటుంది. బజారులో కట్ట కొన్నప్పుడు అందులో ఈ ఆకు కలిసి రావటం నేను కళ్ళారా చూశాను. అమ్మే పిల్లకు తెలియదు, కొనే మనకూ తెలియదు. మాచిపత్రి నలిపితే చేతికి చక్కని వాసన అంటుతుంది, వయ్యారిభామకు ఆ పరిమళం వుండదు. అనుమానం వున్న ఆకును మాత్రం నలిపి చూడకుండా పక్కన పెట్టడమే మంచిది. స్వామికి గరిక చాలు, ఆయన ఏమీ అనుకోడు. నిజమైన మాచిపత్రి కొమ్మ ఒకటి ఎండబెట్టి అట్టమీద అంటించి ఇంట్లో వుంచుకుంటే, ప్రతి ఏడూ పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. హెర్బేరియం ఇంటి ఇల్లాలికి ఎందుకన్నవాళ్ళకు ఇదొక జవాబు.

అమెరికా నుంచి వచ్చినవన్నీ చెడ్డవని అనుకోకండి. మన గుంటూరు మిరపకాయా అక్కడిదే. టమాటా, బంగాళాదుంప, జామ, బొప్పాయి, వేరుశనగ, సీతాఫలం అన్నీ ఆ ఖండపువే. అవి లేకుండా ఈనాటి మన వంటిల్లు వూహించలేం. వచ్చినదాన్ని పేరుపెట్టి పలకరించి, ఇది మంచిదా చెడ్డదా అని చూసుకోవటమే తెలివి.

బంగాళాదుంప మాట వచ్చింది గనుక చెబుతున్నాను. 1845లో ఐర్లండులో బంగాళాదుంప పంటకు తెగులు తగిలి, పెద్ద కరువు వచ్చి సుమారు 10 లక్షలమంది చనిపోయారు. ఆ తెగులు తెచ్చిన సూక్ష్మజీవి ఏ రకానిదో 2013లో తేల్చారు. ఎలాగంటే, ఆనాటి తెగులు సోకిన ఆకులు హెర్బేరియం అట్టలమీద భద్రంగా వున్నాయి. వాటిలోంచి దాని వంశవివరం చదివారు. ఆ ఆకు ఎండబెట్టినవారికి ఇలా పనికొస్తుందని కలలో కూడా తెలియదు. అలాగే అమెరికాలో బోస్టను నగరంలో వందేళ్ళనాటి పూలకొమ్మల చీటీల తేదీలను ఇప్పటి పూతతో పోల్చిచూస్తే, ఈమధ్య చెట్లు సగటున 8 రోజులు ముందుగా పూస్తున్నాయని 2004లో చెప్పారు. ఎండలు ముదురుతున్నాయని మనం విసనకర్రతో చెప్పుకునే మాటను ఆ కొమ్మలు లెక్కతో చెప్పాయి.

ఇంత విలువైనవాటిని కూడా మనుషులు భారమనుకునే రోజులు వచ్చాయి. 2024లో అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం 8 లక్షలకు పైగా అట్టలున్న తన హెర్బేరియాన్ని ఇక నడపలేమనీ, వేరేచోటికి తరలిస్తామనీ ప్రకటించింది. శాస్త్రజ్ఞులు గగ్గోలు పెట్టారు. ఇంకోవైపు మంచి కూడా జరుగుతోంది. అట్టలను ఫోటోలు తీసి కంప్యూటర్లలోకి ఎక్కిస్తున్నారు. మన బొటానికల్ సర్వేవారు కూడా 2022లో ఇండియన్ వర్చువల్ హెర్బేరియం మొదలుపెట్టారు. నావంటి పదో తరగతితో చదువు ఆపిన ఇల్లాలు కూడా వంట అయ్యాక ఫోనులో ఆ అట్టలు చూడవచ్చు. పేర్లు లాటిను అయితే ఏమి, కొమ్మ కొమ్మే కదా.

ఇక మనం చేయగలిగింది చెప్పి ముగిస్తాను.

మీ పిల్లలు హెర్బేరియం చేస్తుంటే, బజారులో తయారుగా దొరికేది కొనుక్కోనివ్వకండి. మన వీధిలోదే కోయమనండి. వూరు, వీధి, తేదీ, పువ్వు రంగు, గట్టుమీదా గోడ పక్కనా అన్నది చీటీలో రాయమనండి. ఎండాక పువ్వు రంగు మారిపోతుంది, అందుకే కోసిన రోజే రాయాలి. పేపర్లు మొదటి నాలుగు రోజులూ రోజూ మార్చాలి. మన అప్పడాలకున్న నియమమే, తడి మిగిలితే బూజు. ఆరినదాన్ని పట్టుచీర దాచినట్టు పొడిచోట, పురుగు చేరకుండా దాచాలి. పరీక్ష అయ్యాక పారెయ్యకుండా, దగ్గర్లోని కాలేజీ బోటనీ లెక్చరరుగారిని వుంచుకుంటారేమో అడగండి.

మీ వీధిలో, లారీలు ఆగేచోట, కాలువ రేవులో ఇంతకుముందెన్నడూ చూడని మొక్క కనిపిస్తే ఒక ఫోటో తీయండి. తేదీ రాయండి. మొక్కల పేర్లు తెలిసిన పెద్దలను అడగండి. మన అమ్మమ్మలకు గోడ పక్క మొలిచిన ప్రతి ఆకు పేరూ తెలిసేది. ఏది పప్పులోకి, ఏది పుండుకు, ఏది దూడకు పెట్టకూడదు అన్నీ తెలిసేవి. కానీ రాసిపెట్టినవారు తక్కువ. వాళ్ళతోపాటు ఆ తెలివీ చాలావరకు వెళ్ళిపోయింది. అడిగి రాసుకున్న తెలుగు పేర్లు సామర్లకోట డాక్టరు పుస్తకాల్లో ఇన్నూరేళ్ళుగా బతికే వున్నాయి.

మాట గాలికి పోతుంది, గింజ కూడా గాలికే పోతుంది. కాగితంమీద వూరూ తేదీతో నిలిపినదే రేపటి వాళ్ళకు దక్కుతుంది. చీటీ రాయటానికి పెద్ద చదువు అక్కర్లేదు. పాలవాడి లెక్క, చాకలి పద్దు తప్పు లేకుండా రాసే చెయ్యి మనది. ఆ చేతికి ఇదొక లెక్కా?